మహాయుగ సంఖ్య : అపవర్తన విచారము

విషయ నిర్దేశము

నిత్య సంకల్పమునందు కల్పము, మన్వంతరము, యుగము, పాదము అను కాలావయవములు వరుసగా ఉచ్చరింపబడుచున్నవి. ఈ వరుసకెల్ల ఆధారభూతమైన సంఖ్య 43,20,000. ఇన్ని సౌరవర్షములు ఒక మహాయుగము. ఈ పరిమాణమును పురాణములును, ప్రధాన సిద్ధాంత గ్రంథములును సమముగా అంగీకరించినవి.

ఇంతటి ప్రసిద్ధి గల ఈ సంఖ్య నేటి పఠన పాఠనములందు ఇరువైపుల ఉపేక్షకు గురియగుచున్నది. పురాణము బోధించువారు దీనిని శ్రద్ధావిషయముగా కంఠస్థము చేయించి విడిచెదరు. చరిత్ర వ్రాయువారు దీనిని అతిశయోక్తిగా ఎంచి త్రోసివేయుదురు. ఈ ఉభయులును సంఖ్యను భాగించి చూడరు. సిద్ధాంతకారునకు మాత్రము సంఖ్య భాగించుటకే ఉన్నది. 43,20,000 అనునది గ్రహ భగణములకెల్ల సామాన్యమైన హారము. దాని పెద్దతనము ముఖ్యము కాదు. అది దేనిచేత నిశ్శేషముగా భాగింపబడును, దానితో కూడిన ఇతర సంఖ్యలు దేనిచేత భాగింపబడును అనునదే ముఖ్యము. ఈ దృష్టితో చూచినప్పుడు నిష్కారణములుగా తోచు కొన్ని పౌరాణిక సంఖ్యలకు కూడ ప్రయోజనము బయల్పడును. ఇదియే ఈ వ్యాసమునకు విషయము.

సంఖ్యా స్వరూపము

43,20,000 సంఖ్యను ప్రధాన సంఖ్యలుగా విడదీయగా 2 ఎనిమిది పర్యాయములు, 3 మూడు పర్యాయములు, 5 నాలుగు పర్యాయములు లభించును. అనగా 256, 27, 625 అను మూడింటి గుణితము ఇది. 7 గాని, 11 గాని, అంతకు పైబడిన ప్రధాన సంఖ్య గాని ఇందు చేరలేదు. 2, 3, 5 మాత్రమే కారణాంకములుగా గల సంఖ్యల వర్గమున ఇది చేరును. చక్రభాగములైన 360, చక్రకలలైన 21,600, ఘటికా విఘటికా విభాగమునకు మూలమైన 60 కూడ ఈ వర్గమునకు చెందినవే. కావుననే మహాయుగ వర్షములు చక్రకలలకు సరిగా 200 రెట్లును, కలియుగ వర్షములైన 4,32,000 చక్రకలలకు 20 రెట్లును అగుచున్నవి.

ఈ సంఖ్యకు 1తోను తనతోను కలిపి 180 భాజకములు కలవు. తనను మినహాయించి తక్కిన భాజకములను కూడగా 1,16,43,640 వచ్చును. ఇది మూలసంఖ్యకు రెండున్నర రెట్ల కంటె అధికము. భాజకముల మొత్తము తనను మించు సంఖ్యలను ఆధునిక గణితజ్ఞులు ఒక ప్రత్యేక వర్గముగా పరిగణింతురు. ఈ సంఖ్య ఆ వర్గమున మిక్కిలి సంపన్నమైనది. హారమునకు భాజకములు ఎన్ని యుండునో భిన్నములు అంతగా లఘువగును. గణకునకు ఇది గొప్ప సౌకర్యము.

ఆర్యభటుడు ఈ సంఖ్యను తన అక్షర సంకేతమున 'ఖ్యుఘృ' అను రెండక్షరములలో ఇమిడ్చెను. ఖకారమునకు 2, యకారమునకు 30. వీనిపై ఉకారము పదివేల స్థానమును తెలుపును. కనుక 3,20,000. ఘకారమునకు 4, దానిపై ఋకారము పదిలక్షల స్థానము. కనుక 40,00,000. రెండును కలియగా 43,20,000.

సావన దినములు, దృఢ సంఖ్యలు

మహాయుగ వర్షముల సంఖ్య అందరికిని ఒక్కటియే. ఆ వర్షములలో ఎన్ని సావన దినములు, అనగా ఎన్ని సూర్యోదయములు కలవు అను విషయమున సిద్ధాంతములకు భేదము కలదు. ఈ భేదము చూపునకు స్వల్పము. అపవర్తనము చేసినప్పుడు మాత్రము అది విస్మయమును కలిగించును. రెండు సంఖ్యలను వాని గరిష్ఠ సామాన్య భాజకముచే భాగించుట అపవర్తనము. అట్లు భాగించిన పిదప మరి భాగింపరాని స్థితిలో నిలిచినవి దృఢ సంఖ్యలు. కుట్టక గణితమునకు ఇది మొదటి మెట్టు.

ఆర్యభటీయమున సావన దినములు 1,57,79,17,500. వర్షములకును దినములకును సామాన్య భాజకము 7,500. దృఢములు చేయగా 576 వర్షములకు 2,10,389 దినములు. క్రీ.శ. ఏడవ శతాబ్దికి చెందిన మొదటి భాస్కరుడు తన కుట్టకోదాహరణములందు ఉపయోగించిన సంఖ్యలు ఇవియే.

వరాహమిహిరుని పంచసిద్ధాంతికయందలి ప్రాచీన సూర్యసిద్ధాంతము 1,80,000 వర్షముల యుగమును గ్రహించినది. దానిని 24 రెట్లు చేసి మహాయుగమునకు తెచ్చినచో 1,57,79,17,800 దినములగును. సామాన్య భాజకము 5,400. దృఢములు 800 వర్షములు, 2,92,207 దినములు. బ్రహ్మగుప్తుడు ఖండఖాద్యకమున సూర్యానయనమునకు వాడిన గుణక హారములు ఈ రెండే. మయన్మార్, థాయిలాండ్ దేశముల సంప్రదాయ పంచాంగ గణితమున కూడ ఈ జంట నేటికిని కానవచ్చును.

నేడు ప్రచారమున నున్న సూర్యసిద్ధాంతమున దినములు 1,57,79,17,828. ప్రాచీన సంఖ్య కంటె 28 మాత్రమే అధికము. అయినను ఈ 28 చేరుటతో సామాన్య భాజకము 5,400 నుండి ఒక్కసారిగా 4కు పడిపోయినది. దృఢములు 10,80,000 వర్షములు, 39,44,79,457 దినములు. బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున కల్ప వర్షములు 4,32,00,00,000కు దినములు 15,77,91,64,50,000. సామాన్య భాజకము 13,50,000. దృఢములు 3,200 వర్షములు, 11,68,827 దినములు.

ఈ నాలుగు మతములందును దృఢ హారములు 576, 800, 10,80,000, 3,200 అని తేలినవి. ఇవి అన్నియు 2, 3, 5 మాత్రమే కారణాంకములుగా గలవి. దీనికి హేతువు స్పష్టము. వర్షప్రమాణము దినములు, ఘటికలు, విఘటికలు అని అరువదింటి విభాగమున చెప్పబడును. ఆర్యభటుని వర్షము 365 దినములు, 15 ఘటికలు, 31 విఘటికలు, 15 పరలు. ప్రాచీన సౌరమున చివరి అవయవము 30. నవీన సౌరమున అది 31, దానిపై మరొక 24. బ్రహ్మగుప్తుని వర్షము 365, 15, 30, 22, దానిపై మరొక 30. అరువదింటి ఘాతములు హారములైనచోట 7 గాని 11 గాని ప్రవేశించుటకు తావు లేదు.

నాలుగు అను సామాన్య భాజకము

నవీన సూర్యసిద్ధాంతమున సౌకర్యమిచ్చు పెద్ద భాజకము నశించి 4 మాత్రమే మిగిలినది. ఈ నాలుగే ఆ గ్రంథమునకు జీవము. అందలి మహాయుగ భగణములను పరిశీలింపవలెను. రవికి 43,20,000, చంద్రునకు 5,77,53,336, కుజునకు 22,96,832, బుధ శీఘ్రమునకు 1,79,37,060, గురునకు 3,64,220, శుక్ర శీఘ్రమునకు 70,22,376, శనికి 1,46,568. ఇవి అన్నియు 4చే నిశ్శేషముగా భాగింపబడును. దినసంఖ్య కూడ అట్లే భాగింపబడునని పైన చూపబడినది. కావున మహాయుగమున నాల్గవ వంతైన 10,80,000 వర్షములకు ఒకమారు మధ్యమ గ్రహములన్నియు మరల మేషాదిని చేరును. ప్రాచీన సంఖ్యకు చేరిన 28 కూడ 4చే భాగింపబడునదే యగుట ఇచట గమనింపదగును.

రెండు భగణములు మాత్రము ఈ నియమమునకు లోబడవు. చంద్రోచ్చమునకు 4,88,203, దీనిని 4చే భాగించగా 3 శేషము. చంద్రపాతమునకు 2,32,238, శేషము 2. ఈ శేషములు కూడ నిరర్థకములు కావు. వాని ప్రయోజనము ముందు తెలియును.

ఆర్యభటుని భగణములు కొన్ని వేరైనను నియమము ఇదియే. శనికి 1,46,564; గురునకు 3,64,224; కుజునకు 22,96,824; బుధ శీఘ్రమునకు 1,79,37,020; శుక్ర శీఘ్రమునకు 70,22,388. అన్నియు 4చే భాగింపబడును. అతని చంద్రోచ్చము 4,88,219; శేషము 3. పాతము 2,32,226, శేషము 2. శేషములు సైతము సూర్యసిద్ధాంత శేషములతో సమానములు. ఆర్యభటుడు యుగపాదములను నాలుగింటిని సమానముగా 10,80,000 వర్షములుగా గ్రహించెను. మూడు పాదములు గడచి కలి ప్రవేశించునప్పటికి గ్రహములన్నియు మేషాదియందుండును. ఉచ్చము శేషము 3ను మూడు పాదములచే గుణింపగా 9. నాలుగింట భాగింపగా శేషము 1. అనగా చక్రమున పాదము, 90 భాగలు. పాతమునకు 2ను 3చే గుణింపగా 6, శేషము 2, అనగా 180 భాగలు. కల్యాదిని చంద్రోచ్చము కర్కటాదియందును, పాతము తులాదియందును ఉండునను సంప్రదాయ వచనమునకు గణిత మూలము ఈ రెండు శేషములే.

పూర్వపక్షము : సృష్టికాల వర్షములు నిష్కారణములా?

సూర్యసిద్ధాంతము ఆర్యభటుని వలె సమపాదములను గ్రహింపలేదు. స్మృతి పురాణములను అనుసరించి కృత, త్రేతా, ద్వాపర, కలులను 4, 3, 2, 1 నిష్పత్తిలో నిలిపినది. కృతము 17,28,000, త్రేత 12,96,000, ద్వాపరము 8,64,000, కలి 4,32,000. దీనిపై ఒక ఆక్షేపము వచ్చుటకు అవకాశము కలదు. గ్రహములు 10,80,000 వర్షములకు ఒకమారు కలియునని సిద్ధాంతము. యుగములలో ఏదియు 10,80,000తో సరిపోదు. అట్లుండగా కృతయుగాంతమున గ్రహములన్నియు మేషాదిని కలియునని సూర్యసిద్ధాంతము చెప్పుట ఎట్లు పొసగును? మరియు బ్రహ్మ చరాచర సృష్టికి 47,400 దివ్యవర్షములు పట్టెనని, ఆ కాలమును గణితమునుండి తీసివేయవలెనని ఆ గ్రంథము విధించుచున్నది. ఈ సంఖ్య పురాణములలో లేదు. ఇది కేవల కల్పితమని తలచువారు కలరు.

సమాధానము లెక్కవలననే లభించును. కల్పాదినుండి వర్తమాన మహాయుగమున కృతాంతము వరకు గడచిన కాలమును కూడవలెను. ఆరు మన్వంతరములు, ఒక్కొక్కటి 71 మహాయుగములు; మొత్తము 1,84,03,20,000 వర్షములు. ఏడు సంధులు, ఒక్కొక్కటి కృతప్రమాణము, 1,20,96,000. గడచిన మహాయుగములు 27, 11,66,40,000. కృతము 17,28,000. అన్నియు కలియగా 1,97,07,84,000. దీనిని 10,80,000చే భాగింపగా 1,824, శేషముగా ఐదింట నాలుగు వంతులు వచ్చును. నిశ్శేషము కాలేదు. కావున కల్పాదినుండి గ్రహచారము మొదలైనచో కృతాంతమున గ్రహములు మేషాదియందుండవు.

ఇక సృష్టికాలమైన 47,400 దివ్యవర్షములను 360చే గుణింపగా 1,70,64,000 సౌరవర్షములు. దీనిని 10,80,000చే భాగింపగా 15, శేషముగా అదే ఐదింట నాలుగు వంతులు. మొదటి మొత్తమునుండి తీసివేయగా 1,95,37,20,000. ఇది 10,80,000కు సరిగా 1,809 రెట్లు. పౌరాణిక యుగ విభాగమువలన మిగిలిన భిన్నమును పూరించుటకే 47,400 అను సంఖ్య ఉపయోగపడినది. అది కల్పితము అను మాటకంటె సాధితము అను మాట యుక్తము.

శేషముల పరీక్ష కూడ దీనిని బలపరచును. 1,809ని 4చే భాగింపగా శేషము 1. కావున కృతాంతమున చంద్రోచ్చము మూడు పాదములు, అనగా 270 భాగలు. పాతము 180 భాగలు. ఉచ్చము మకరాదియందును, పాతము తులాదియందును ఉండునని సూర్యసిద్ధాంతము తానే చెప్పుచున్నది. అచట నుండి త్రేతా ద్వాపరములు కలిసి 21,60,000. ఇది 10,80,000కు రెట్టింపు. కావున కల్యాదికి 1,811 ఆవృత్తములు పూర్తియగును. 1,811ని 4చే భాగింపగా శేషము 3. ఉచ్చము 90, పాతము 180. ఆర్యభటుని ఫలమే మరల లభించినది. యుగ విభాగము వేరైనను, కల్పారంభము వేరైనను, ఇరువురును ఒకే గమ్యమునకు చేరిరి.

దీనివలన మరొక లోకవాదము కూడ నిలువదని తెలియును. కలియుగాంతమున గ్రహములన్నియు ఒకచో చేరునను మాట సూర్యసిద్ధాంత సమ్మతముగా ఉపన్యాసములలో వినవచ్చుచుండును. కలి ప్రమాణము 4,32,000 మాత్రమే. తదుపరి గ్రహయోగము కల్యాదినుండి 10,80,000 వర్షములకు, అనగా రాబోవు కృతయుగమున 6,48,000 వర్షములు గడచిన పిదప వచ్చును. ఆ మాట సమపాదములను గ్రహించిన ఆర్యభట మతమున చెల్లును, సౌరమతమున చెల్లదు.

బ్రహ్మగుప్త మతము

క్రీ.శ. 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమును రచించిన బ్రహ్మగుప్తుడు ఆర్యభటుని సమపాద విభాగము స్మృతి విరుద్ధమని ఖండించెను. అయితే తాను సూర్యసిద్ధాంత మార్గమున నడువలేదు. భగణములను మహాయుగమునకు చెప్పక కల్పమునకు చెప్పెను. కల్పమున కుజునకు 2,29,68,28,522, గురునకు 36,42,26,455, శనికి 14,65,67,298. వీనికిని కల్ప వర్షములకును సామాన్య భాజకము 1 తప్ప వేరులేదు. గురు భగణము బేసి సంఖ్య కనుక 2 పోయినది. అంకముల మొత్తము 37 కనుక 3 పోయినది. శని భగణము చివర 8 ఉండుటచే 5 పోయినది. కావున ఈ మతమున గ్రహములన్నియు కలియుట కల్పమునకు ఒక్కమారే. కల్యాదిని అవి మేషాదికి సమీపమున మాత్రమే యుండును.

ఈ విధముగా మతములను రెండు వర్గములుగా విభజింపవచ్చును. సామాన్య భాజకము 4గా గలవి ఆర్యభటీయ సౌరములు. 1గా గలది బ్రాహ్మము. మొదటి వర్గమునకు మహాయుగ పాదమే చాలును. రెండవ వర్గమునకు కల్పమే కావలెను. కల్పమను మహాకాలమును గ్రహించుట ఆడంబరము కొరకు కాదు, భగణముల దృఢత్వము కొరకని దీనిచే సిద్ధించును. ఆర్యభటుడు మాత్రము మన్వంతరమునకు 72 యుగముల చొప్పున కల్పమును 1,008 యుగములుగా చెప్పెను. 1,008 ఏడుచే భాగింపబడును కనుక అతని ప్రతి కల్పమును ఒకే వారమున మొదలగును. 1,000 యుగముల కల్పమునకు ఈ గుణము లేదు.

పాఠ నిర్ణయమున ప్రయోజనము

తాళపత్ర గ్రంథములను పరిష్కరించువారికి ఈ విచారము ప్రత్యక్షముగా ఉపకరించును. సూర్యసిద్ధాంతమునకు ఆంధ్రదేశమున వ్యాఖ్యాన సంప్రదాయము ప్రాచీనమైనది. 12వ శతాబ్దిలో మల్లికార్జున సూరియు, 15వ శతాబ్దిలో యల్లయయు దానిని వ్యాఖ్యానించిరి. భూతసంఖ్యలలో అంకములు కుడినుండి ఎడమకు నడచును. ఒక్క పదము మారినచో సంఖ్య మారును. శని భగణము 1,46,568లో ఎనిమిదిని తెలుపు పదమునకు బదులు ఆరును తెలుపు పదము ఒక ప్రతిలో ఉన్నదనుకొందము. 1,46,566 నాలుగుచే భాగింపబడదు. ఆ పాఠము త్యాజ్యమని వెంటనే తెలియును.

ఈ పరీక్షకు అవధి కూడ కలదు. ఎనిమిదికి బదులు నాలుగు ఉన్నచో 1,46,564 వచ్చును; అది 4చే భాగింపబడును, పైగా ఆర్యభటుని శని భగణము అదియే. అట్టిచోట లేఖకుని ప్రమాదమో, మతాంతర సాంకర్యమో ఇతర భగణములను చూచి నిర్ణయింపవలెను. నాలుగుచే భాగింపబడుట చివరి రెండంకముల ధర్మమే కనుక పై స్థానముల దోషమును ఇది పట్టజాలదు. అందుకు వేరొక శృంఖల కలదు. చంద్ర భగణములనుండి రవి భగణములను తీసివేయగా 5,34,33,336 చాంద్రమాసములు. వీనినుండి సౌరమాసములు 5,18,40,000 తీసివేయగా అధిమాసములు 15,93,336. చాంద్రమాసములను 30చే గుణింపగా తిథులు 1,60,30,00,080. వీనినుండి సావన దినములను తీసివేయగా క్షయతిథులు 2,50,82,252. ఈ సంఖ్యలను సూర్యసిద్ధాంతము విడివిడిగా పఠించినది. ఒకదానిలో దోషమున్నచో తక్కినవి సాక్ష్యము పలుకును. శాకల్యమైన ఈ పరీక్ష జరుపకుండ భగణ శ్లోకములందు పాఠాంతరములను అడుగున చూపి ఊరకుండుట సంపాదకునకు తగదు.

బీజ సంస్కారము

సంఖ్యా సౌష్ఠవము సత్యమునకు ప్రమాణము కాదు. ఆధునిక వేధచే నిర్ణీతమైన నాక్షత్ర సౌరవర్షము సుమారు 365.25636 దినములు. సూర్యసిద్ధాంత వర్షము 365.25876. భేదము వర్షమునకు సుమారు 3 నిమిషముల 27 సెకండ్లు. నాలుగు మతములందలి వర్షములును ఆధునిక ప్రమాణముకంటె అధికములే. ఏ మతమును తన దృఢ సంఖ్యల అందముచేత ఈ దోషమునుండి తప్పించుకొనలేదు.

ఈ విషయమును పూర్వాచార్యులు ఎరుగకపోలేదు. గణితము దృక్కుతో సరిపడనప్పుడు బీజ సంస్కారమును విధించిరి. సూర్యసిద్ధాంత భగణములకు తరువాతి కాలమున చెప్పబడిన ఒక బీజమున గురునకు 8 తగ్గింపు, శనికి 12 చేర్పు, బుధ శీఘ్రమునకు 16 తగ్గింపు, శుక్ర శీఘ్రమునకు 12 తగ్గింపు, చంద్రోచ్చమునకు 4 తగ్గింపు, పాతమునకు 4 చేర్పు కలవు. ఇవి అన్నియు నాలుగింటి గుణిజములు. సంస్కృతమైన గ్రహ భగణములు 4చే భాగింపబడుచునే యుండును. ఉచ్చ పాతముల శేషములు 3, 2 మారవు. దృక్కునకు లోబడి సంఖ్యను మార్చుచునే కల్యాది స్థితిని చెడనీయక కాపాడిన విధమిది. శాస్త్రమును రక్షించుట అనగా అంకములను మార్చకుండుట కాదు; ఏ ధర్మము మారరాదో ఎరిగి తక్కినవి మార్చుట అని ఈ బీజము బోధించుచున్నది.

ఫలితార్థము

43,20,000 అను సంఖ్య 2, 3, 5 మాత్రమే కారణాంకములుగా గల బహుభాజక సంఖ్య. సావన దినములతో దానిని అపవర్తించగా సిద్ధాంతముల భేదము 576, 800, 3,200, 10,80,000 అను దృఢ హారముల రూపమున వ్యక్తమగును. సౌరార్యభటీయ భగణములకు 4 సామాన్య భాజకము. బ్రాహ్మమునకు అట్టిది లేదు. 47,400 దివ్యవర్షముల సృష్టికాలము యుగ విభాగమును ఈ నాలుగుతో సమన్వయించు సాధనము. పాఠ నిర్ణయమునకును, బీజ సంస్కార రహస్యమునకును ఇదియే తాళపు చెవి.

సిద్ధాంత భాగమును బోధించు కళాశాలలలో విద్యార్థులచేత భగణ శ్లోకములు వల్లె వేయించుటతోపాటు ఒక్కొక్క భగణమును నాలుగుచే భాగింపజేసి, శేషమును శ్లోకము ప్రక్కన వ్రాయింపదగును. అందుకు ఒక పూట పాఠము చాలును. ఆ శేషములను చేత పట్టుకొన్న విద్యార్థి కృతాంత, కల్యాది గ్రహస్థితులను గ్రంథము చూడకయే చెప్పగలడు. దోషము గల ప్రతి ఎదురైనప్పుడు దోషమును గుర్తింపగలడు. కంఠస్థమైన విద్యకు లెక్క తోడైనప్పుడే అది శాస్త్రమగును.